గంజాయివనములో తులసి

“గంజాయివనములో తులసిమొక్క” యను సామెత మన తెలుగువారి నోట తఱచుగా వినవచ్చునదే. దుష్టుల నడుమ బుట్టిన సజ్జనుని గుఱించి చెప్పునపుడు దాని నుపయోగింతుము. గంజాయిలో మంచియనునది లేదనియు, మంచి కనబడినచో నది వేఱొక మొక్కయే కావలెననియు నా సామెతలోని తాత్పర్యము. గడచిన మూడు నాలుగు దశాబ్దములలో ఐరోపాఖండమున కొందఱు సస్యశాస్త్రజ్ఞులు చేసిన పనిని జూచినచో నీ సామెతను కొంత దిద్దుకొనవలసియున్నట్లు తోచుచున్నది. గంజాయిజాతినుండియే వారొక క్రొత్త వంగడమును దీసినారు. ఆకు గంజాయిదే, పువ్వు గంజాయిదే; కంటికి భేదమేమియు గానరాదు. కాని మత్తు గొలుపు ద్రవ్యము దానిలో లేదనదగినంత స్వల్పము. సామాన్యపు మొక్కలో అణుమాత్రముగ నుండు వేఱొక ద్రవ్యము దాని పువ్వులలో ప్రధానమై పేరుకొని యున్నది.

ఈ విషయముతో మన పఠనమందిరములకు బనియేమని కొంద ఱడుగవచ్చును. గంజాయి మాట యెత్తుటయే యనుచితమని మఱికొందఱు తలంపవచ్చును. మేము గంజాయి త్రాగుటను సమర్థించువారము కాము. మన్యమునుండి మూటలు మూటలుగా దిగివచ్చు సరకు పట్టణములలో కళాశాలల వాకిళ్లదాక ప్రాకి యెందఱి యిండ్లను గుల్ల చేసినదో మే మెఱుగనిది కాదు. కాని యొక మొక్కవలని చెడును నివారించుట వేఱు. దాని విత్తనమునకు, విత్తనమునందలి విద్యకు నెన్నటికిని పరులమీద నాధారపడియుండుట వేఱు. మొదటిపని చేయుచున్నామను సంతృప్తిలో మనము రెండవదానికి దారి తీయుచున్నాము. అందుచేత నీ మాట యెత్తవలసివచ్చినది.

గంజాయిపువ్వులమీద మంచుబిందువులవలె మెఱయు సన్నని జిగురుబొడిపెలు కలవు. మొక్క తన ప్రత్యేకద్రవ్యములను ముఖ్యముగా నీ బొడిపెలలోనే తయారుచేసికొనును. వానికి శాస్త్రజ్ఞులు కన్నబినాయిడులని పేరిడిరి. ఇంతవఱకు నూటికిపైగా గుర్తింపబడినవి. అందు రెండు పెద్దవి: మత్తు గొలుపు టెట్రాహైడ్రోకన్నబినాల్, అనగా టి.హెచ్.సి.; అట్టి మత్తు గొలుపని కన్నబిడియాల్, అనగా సి.బి.డి. తక్కినవి మొక్కలో మిక్కిలి కొలదిగ నుండుటచేత చిల్లరద్రవ్యములుగ నెంచబడుచున్నవి. కన్నబిజెరాల్ లేక సి.బి.జి., కన్నబిక్రోమీన్ లేక సి.బి.సి., టెట్రాహైడ్రోకన్నబివరిన్ లేక టి.హెచ్.సి.వి., కన్నబిడివరిన్ లేక సి.బి.డి.వి. అనునవి వీనిలో పేరుగన్నవి. పేరులు నోరు తిరుగనివే కాని వ్యవహారము మన సాలెవాడల నెఱిగినవారికి సులభముగ బోధపడును.

ఒక యింట నూలు ఒక్కటే, మగ్గములు మూడు అనుకొందము. నూలు సి.బి.జి. యొక్క ఆమ్లరూపము, మొక్క మొదట దీనినే తయారుచేయును. మగ్గములు మొక్కలోని మూడు ఎంజైములు. ఒక మగ్గము ఆ నూలును టి.హెచ్.సి.గ నేయును, రెండవది సి.బి.డి.గ నేయును, మూడవది సి.బి.సి.గ నేయును. మగ్గములు చుఱుకుగ నాడుచున్నంతకాలము నూలు నూలుగా మిగులదు. సామాన్యపు మొక్కలో సి.బి.జి. చిల్లరగ నుండుటకు గారణ మిదియే. ఇక పెద్ద మగ్గములు రెండును చెడిపోయిన మొక్క యొకటి తారసపడినచో, నూలంతయు గుట్టగ బడియుండును. అట్టిది సి.బి.జి. మొక్క. మఱియొక విశేషము గలదు. నూలుపోగు సామాన్యముగ నైదు కర్బనపరమాణువుల తోకతో నుండును. కొన్ని దేశవాళీ మొక్కలలో మూడింటి తోకయే గల పొట్టిపోగు తయారగును. అవే మగ్గములమీద నా పొట్టిపోగు పడినచో వచ్చు గుడ్డలే టి.హెచ్.సి.వి., సి.బి.డి.వి. అనునవి. కన్నబినాల్ అను నింకొక ద్రవ్యమున్నది కాని యది మొక్క నేసినది కాదు, టి.హెచ్.సి. గాలి సోకి పాతబడగా మాఱినది. దానికై ప్రత్యేకముగ వంగడము తీయబని లేదు, సరకును నిలువబెట్టినచాలును.

ఈ కన్నబినాల్‌తోనే కథ ప్రారంభమైనది. 1896లో కేంబ్రిడ్జి రసాయనికులు వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డు అనువారు మన దేశపు చరస్సును పరీక్షించి దాని నెఱుకపఱచిరి. అంతకుముందే, 1839లో, కలకత్తా వైద్యకళాశాలలోని ఓషానెస్సీ యను వైద్యుడు గంజాయి గుణములను పరీక్షించి ప్రకటింపగా, పాశ్చాత్యవైద్యమున దానికి స్థానము గలిగినది. 1894లో వెలువడిన హెంపు డ్రగ్సు కమిషనువారి నివేదికలో నాటి మన సేద్యము వివరముగ వర్ణింపబడినది. బంగాళములోని రాజషాహి మండలమున, నవగాఁవు ప్రాంతములో, పోతుమొక్కలను పసిగట్టి పెఱికివేయుట కొఱకే ‘పొద్దారు’లను నిపుణులుండెడివారు. పువ్వు విడువకమునుపే మొక్క యాడుదియో పోతుదియో చెప్పగల నేర్పు వారిది. ఒక్క పోతుమొక్క తప్పించుకొన్నను చేను చేనంతయు గింజపట్టి పాడగును గనుక రైతు వారికి కూలి యిచ్చి పిలిపించుకొనువాడు. మన తెలుగునాట, నాటి కృష్ణామండలములోని బాపట్ల తాలూకాలో, సంతరావూరు పరిసరములందును ప్రభుత్వపు లైసెన్సుమీద నీ సేద్యము జరిగినది. సరకు మనది, సేద్యపువిద్య మనది. పరీక్షాలయము మాత్రము కేంబ్రిడ్జిది.

తరువాతి కథయు నటులే నడచినది. 1940లో అమెరికాయందు రోజరు ఆడమ్సు సి.బి.డి.ని విడదీసెను. 1964లో ఇజ్రాయిలునందు గావోని, మెచౌలము అను నిరువురు టి.హెచ్.సి.ని స్వచ్ఛముగ విడదీసి దాని నిర్మాణమును దెలిపిరి; సి.బి.జి.యు నా సంవత్సరమే వారి కంటబడినది. పరిశోధనకు గావలసిన హషీషును పోలీసులయొద్ద బుచ్చుకొని బస్సులో దెచ్చుకొంటిననియు, ప్రయాణికులు వాసనకు విస్తుపోయిరనియు మెచౌలము ముసలితనమున నవ్వుచు జెప్పుచుండెడివాడు. మన దేశములో నట్టి పనికి సాహసించు శాస్త్రజ్ఞుడు బస్సు దిగి నేరుగ నెక్కడికి బోవలసివచ్చునో పాఠకులే యూహింపగలరు. 1970లో ఇంగ్లాండునందు గిల్ అను నతడు పొట్టితోక ద్రవ్యమైన టి.హెచ్.సి.వి.ని ప్రకటించెను. మఱుసటి యేడాది హాలెండు శాస్త్రజ్ఞు డొకడు నేపాళపు హషీషులోను దాని నెఱుకపఱచెను. అటుపిమ్మట జరిగిన పరీక్షలలో పొట్టితోక ద్రవ్యములు మిక్కుటముగ గనబడినది దక్షిణాఫ్రికా, భారతము, నేపాళము మున్నగు దేశముల నాటుమొక్కలలోనే. ఐరోపాదేశపు నారగంజాయిలో నివి మిక్కిలి యరుదు.

ఇంతవఱకు రసాయనికుల పని. మొక్కను మార్చు పని సస్యశాస్త్రజ్ఞులది. 1987లో ఫ్రెంచివారు సి.బి.జి. ప్రధానముగ గల గంజాయిమొక్కను గుర్తించి ప్రకటించిరి. నారకొఱకు వారు వేయుచుండిన పైరులోనే యట్టి మొక్కను బట్టి, క్రమముగ వంగడముగ స్థిరపఱచి, ‘సాంథికా’ యను పేర రైతుల కిచ్చిరి. 1998లో ఇంగ్లాండున స్థాపింపబడిన జి.డబ్ల్యు. అను నౌషధకంపెనీ, ప్రభుత్వపు లైసెన్సు పొంది గాజుతోటలలో గంజాయి పెంచ నారంభించినది. హాలెండులో నదివఱకే చేరియుండిన విత్తనసంపద దానికి లభించినది. హాలెండు దేశీయుడైన డి మేయర్ అను శాస్త్రజ్ఞుడు అక్కడ చేసిన పని మిక్కిలి యోపికతో గూడినది. టి.హెచ్.సి. మొక్కను సి.బి.డి. మొక్కతో సంకరము చేయగా మొదటి తరములో రెండు ద్రవ్యములును గల మొక్కలే వచ్చినవి. వాని పిల్లలలో నాల్గింట నొకటి టి.హెచ్.సి. మొక్క, రెండు మిశ్రమము, ఒకటి సి.బి.డి. మొక్క. మెండెల్ గురువు బఠానీలలో జూపిన లెక్క యిక్కడను దప్పలేదు. ఇటలీ శాస్త్రజ్ఞులతో గలిసి 2003లో నాతడు ప్రకటించిన వ్యాసము ఈ రంగమునకు బునాది యైనది. తరువాత సి.బి.జి.కిని, సి.బి.సి.కిని, ఆపైన పొట్టితోకద్రవ్యములకును వరుసగ వంగడములు దీసెను. తుదకు కన్నబినాయిడులే లేని మొక్కను గూడ దీసి చూపెను.

పని జరుగు తీరు మన రైతునకు వింత గాదు. వేలకొలది మొక్కలను విడివిడిగ బరీక్షించి, కావలసిన గుణ మెందులో నించుక హెచ్చుగ నున్నదో దానిని వేఱుచేయవలెను. దానిని తనతోనే సంపర్కము చేయించి గుణమును స్థిరపఱుపవలెను. గంజాయిలో ఆడుమొక్క వేఱు, పోతుమొక్క వేఱు గావున నిది సామాన్యముగ సాధ్యము కాదు. వెండిలవణపు ద్రావణము చల్లినచో ఆడుమొక్కకొమ్మయే పోతుపూవులు పూయునని కనుగొని యా చిక్కును దాటిరి. సి.బి.జి. గుణము చెడిన మగ్గమువలన వచ్చునది గనుక కొన్ని తరములలోనే స్థిరపడును. పొట్టితోక గుణ మట్లు కాదు. అది యొక్క బీజకణికతో దీఱునది గాక యనేకముల కూడికవలన వచ్చునది. దానిని హెచ్చించుటకు గుణము గల నాటువిత్తనములు పలుచోట్లనుండి తెచ్చి తరతరములు కలుపవలెను. నాటువిత్తనము లేనివా డిందులో నడుగు పెట్టలేడు. ఈ యొక్కమాటను పాఠకులు గుర్తుంచుకొన గోరుచున్నాము.

ఇపుడు చట్టము సంగతి. అమెరికాలో 2018లో జేసిన శాసనమును, మన ఉత్తరాఖండప్రభుత్వము నదే సంవత్సరము లైసెన్సులిచ్చుట కవలంబించిన పద్ధతియు నొక్కటే కొలతను బట్టుకొన్నవి: టి.హెచ్.సి. నూటికి 0.3 పాలు మించరాదు. ఈ కొలత వేదములో జెప్పినది కాదు. 1976లో నిరువురు వృక్షశాస్త్రజ్ఞులు మొక్కలను వర్గీకరించుటకై తమ సౌకర్యముకొలది గీచిన గీత యది. గీత యెవరు గీచినను రైతు దానిని దాటరాదు. హిమాలయసానువులలో స్వయముగ మొలచు మొక్కలలో పెక్కింటి కా గీత యందదు. సి.బి.డి. మొక్కలకును చిక్కు తప్పదు. సి.బి.డి. నేయు మగ్గము పూర్తిగ నిక్కచ్చి యైనది కాదు. ఇరువది ముప్పది పాళ్లు సి.బి.డి. నేసినపుడు ఒకపాలు టి.హెచ్.సి. నేయును. పువ్వులో సి.బి.డి. నూటికి పదిపాళ్లు పండించిన రైతు, మంచి పంట పండించిన నేరమునకే, గీత దాటినవాడగును. పైరును దగులబెట్టవలసినదే. సి.బి.జి. మొక్కలో పెద్దమగ్గములు రెండును లేవు గనుక నీ భయము లేదనవచ్చును. చట్టము దేనికి భయపడుచున్నదో దానిని మొక్క తన పుట్టుకలోనే విసర్జించినది. మేము పైన తులసి యన్నది దీనినే.

అయితే యీ తులసికిని గంజాయిపొరుగు ప్రమాదమే. గంజాయిపుప్పొడి గాలిలో మైళ్లకొలది ప్రయాణము చేయును. అడవిగంజాయి విరివిగ మొలచు సీమలో సి.బి.జి. వంగడమును వేసి, ఆ చేనిగింజను మఱుసటి యేడు నాటినచో, బయటినుండి వచ్చిన పుప్పొడి చెడిన మగ్గమునకు బదులు మంచి మగ్గమును దెచ్చిపెట్టును. మత్తు తిరిగి తల యెత్తును. కావున రైతు ఏటేట క్రొత్తవిత్తనము గొనవలెను. విత్తన మెవరియొద్ద నున్నదో సేద్యము వారి చేతిలోనిదగును. ప్రత్తిరైతున కీ పాఠము క్రొత్త గాదు. బి.టి. ప్రత్తివిత్తనముపై పరదేశకంపెనీ పుచ్చుకొను రుసుము భరింపలేక ఆంధ్రప్రదేశప్రభుత్వము 2006లో కమిషను నెదుట వ్యాజ్యము వేసి, 450 గ్రాముల సంచిధరను 750 రూపాయలకు దింపవలసివచ్చెను. ప్రత్తిలో మేలుకొన్నది విత్తనము చేయిజాఱిన పిమ్మట. గంజాయిలో నింకను గొంత వ్యవధి యున్నది.

ఆ వ్యవధిని మన మెట్లుపయోగించుచున్నాము? విశాఖమన్యములోను, ఒడిశాసరిహద్దు కొండలలోను పండు ‘శీలావతి’ యను గంజాయి దేశమందంతట పేరుపొందినది, అపకీర్తియే యనుకొందము. 2021 అక్టోబరు తుదినుండి పోలీసువారు ‘పరివర్తన’ యను పేర నీ తోటలను వేలకొలది యెకరములలో నఱికి తగులబెట్టిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత రెండు లక్షల కిలోల సరకును భస్మము చేసిరి. దొంగవ్యాపారమునకు బెట్టుబడి పెట్టినవాడు పట్టణములో సుఖముగ నుండగా, కూలికి మూట మోసిన గిరిజనయువకుడు కారాగృహములో మ్రగ్గుట మనము చూచుచున్న సంగతియే. ఆ వ్యాపారము నణచుట యవసరము. దానిని మేమాక్షేపింపము. కాని మంట పెట్టుటకు ముందు ఒక్కొక్క తోటనుండి గుప్పెడు గింజలను దీసి, ఊరుపేరు, కొండయెత్తు, తేదీ వ్రాసి విత్తననిధికి బంపుట కేమి శ్రమ? 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని నిర్వచనమే పువ్వుతో గూడని గింజను గంజాయిగ నెంచదు. ఆ చట్టమునందే వైద్యమునకును, శాస్త్రపరిశోధనకును అనుమతు లొసగుటకు వీలున్నది. పదవసెక్షను రాష్ట్రప్రభుత్వములకు సేద్యము ననుమతించు నధికారము నిచ్చుచున్నది. పదునాల్గవది నారకొఱకు, గింజకొఱకు, తోటపనికొఱకు ప్రత్యేకమైన వెసులుబాటు చూపుచున్నది. అడ్డమైనది చట్టము కాదు. అధికారులకు గంజాయి యనగనే సీలువేయు ముద్ర, అగ్గిపెట్టె తప్ప వేఱొకటి తోచకపోవుటయే.

గింజ కేమి విలువ యనువారికి పసుపు కథను జ్ఞాపకము చేయుదుము. 1995లో పసుపుతో గాయము మాన్పుటను తమ కల్పనయని అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయమువారు పేటెంటు పొందిరి. మన శాస్త్రపరిశోధనామండలి ప్రాతగ్రంథములను సాక్ష్యముగ జూపి 1997లో దానిని రద్దుచేయించినది. గెలిపించినది వ్రాతపూర్వకసాక్ష్యము. (ఆ విశ్వవిద్యాలయమే 1968నుండి అమెరికాప్రభుత్వము పక్షమున గంజాయితోట పెంచుచు, వివిధదేశముల విత్తనములతోబాటు భారతదేశపు విత్తనములను గూడ నాటి పరీక్షించి వ్యాసములు ప్రకటించుట యొక చిత్రము.) గంజాయిలో మనకు జూపుటకు గ్రంథములైనను గలవు కాని, నాటువిత్తనముల జాబితా, వాని రసాయనస్వరూపమును గొలిచి నమోదుచేసిన పట్టిక యింకను సిద్ధము కావలసియున్నవి. 2015లో అమెరికాలో గంజాయివంగడములమీద విస్తారమైన పేటెంటొకటి మంజూరైనది. మన పేటెంటుచట్టము మొక్కలను విత్తనములను పేటెంటునకు లోబఱుపదు, సంతోషమే. కాని యా రక్షణ మన సరిహద్దుతో సరి. రేపు శీలావతియందో, మలానాలోయ మొక్కయందో అరుదైన గుణమొకటి బయటపడి, దాని నొకరు పైదేశములో తమదిగ వ్రాయించుకొన్నచో, “ఇది మా కొండలలో నుండినది” యని చెప్పుటకు గింజయు గాగితమును రెండును గావలెను.

పని యసలే ప్రారంభము కాలేదని చెప్పుట సత్యము కాదు. జమ్మూలోని కేంద్రప్రభుత్వపరిశోధనాలయము గంజాయిపై పరిశోధన సాగించుచున్నట్లు 2023లో ప్రకటన వెలువడినది. అందు కెనడాకంపెనీ యొకటి భాగస్వామి; విత్తనముపై హక్కు తుదకెవరిదను ప్రశ్నకు సమాధానము ప్రజల కెఱుకపఱచుట యావశ్యకము. హిమాచలప్రదేశశాసనసభ 2024 సెప్టెంబరులో సేద్యమునకనుకూలముగ తీర్మానించినది. మఱుసటి జనవరిలో పాలంపూరు, నౌణీ విశ్వవిద్యాలయములచేత పరిశీలన చేయించుటకు మంత్రివర్గ మంగీకరించినది. గఢ్వాలు, కుమావూఁ పల్లెలలో గంజాయిగింజ పచ్చడియు, గంజాయినార గోనెయు తరతరములుగ నుండినవే. ఉత్తరమున నింత కదలిక యుండగా, శీలావతి పుట్టిన సీమలోని వ్యవసాయవిశ్వవిద్యాలయములును ఈ పనిని దలకెత్తుకొనవలదా?

ఇక నెదుటిపక్షపువాదములలో రెండు బలమైనవి. ఈ చిల్లరద్రవ్యములవలన రోగము కుదురునని రుజువేది యనునది మొదటిది. న్యాయమైన ప్రశ్న. అంగడులలో సీసాలకెక్కించి వీనిని సర్వరోగనివారిణులుగ నమ్మువారి మాటలు నమ్మదగవు. 2016లో ప్రకటితమైన పరీక్షలో 62 మంది మధుమేహరోగులకు బదుమూడువారముల పాటు మందు లిచ్చి చూడగా, టి.హెచ్.సి.వి. పుచ్చుకొన్నవారిలో పరగడుపు చక్కెర కొంత తగ్గినట్లు కనబడినది. అరువదిరెండుమందితో దేశమునకు వైద్యము నిర్ణయింపరాదు. 2020లో కెనడాయందు సి.బి.జి. మొండిక్రిములను ఎలుకలలో నెదుర్కొన్నట్లు చూపిరి, ఎలుక యెలుకయే. సి.బి.డి.వి. మూర్ఛలలో నొక రకమునకు బనిచేయునని యాశించి జి.డబ్ల్యు. కంపెనీవారే చేసిన పరీక్ష 2018లో విఫలమైనది. కాని యదే సంవత్సరము జూనులో, బాలుర నెన్ని మందులకును లొంగక బాధించు రెండువిధముల మూర్ఛలకు సి.బి.డి. మందును అమెరికాప్రభుత్వ మంగీకరించినది. 1940లో ఆడమ్సు విడదీసిన సి.బి.డి. మందగుటకు 78 సంవత్సరములు పట్టినది. ఆ మందుకు మూలమైన మొక్క గాజుతోటలో నెన్నుకొని పెంచిన వంగడము. ఏ చిల్లరద్రవ్యము పనికివచ్చునో, ఏది రాదో పరీక్షింపవలెనన్నను తగినంత ద్రవ్యము ముందు చేత నుండవలెను; మొక్క నూటికి అరపాలైన నీయని దానిని వంగడము దీయక రాబట్టుట మిక్కిలి వ్యయముతో గూడిన పని.

రెండవవాద మింకను పదునైనది. 2019లో కాలిఫోర్నియాయందు ఈస్టుక్రిమిలో గంజాయి బీజకణికలను జొప్పించి, చక్కెరనుండి కన్నబినాయిడులను తీసిరి. పీపాలలోనే ద్రవ్యము పండునపుడు చేనెందులకు, విత్తన మెందులకు? ఈ వాదమున కొంత నిజమున్నది. ధరల పోటీలో ఈస్టు గెలుచునో, చేను గెలుచునో కాలమే తేల్చవలెను. అయినను ఈస్టు తనంత తాను మగ్గము గట్టలేదు. మగ్గపు నమూనా మొక్కనుండియే రావలెను. అరుదైన నమూనా అరుదైన నాటుమొక్కలో నుండును. పీపా పెరిగినకొలది గింజవిలువ తఱుగుటకు బదులు హెచ్చవచ్చును. జీవసంపదపై దేశములకు గల హక్కును నాగోయా యొడంబడిక యంగీకరించినది. మన 2002 నాటి జీవవైవిధ్యచట్టము దాని నమలుపఱుచుటకు సాధనము. ఆ హక్కును జూపుకొనుటకు వస్తువు మిగిలియుండవలెను గదా.

మేము ప్రభుత్వమును గోరునవి పెద్దవి కావు. పోలీసు, ఎక్సైజుశాఖలవారు తోటలను నాశనముచేయు ప్రతిసందర్భమున గింజనమూనా దీసి, స్థలవివరములతో ఢిల్లీలోని జాతీయవిత్తననిధికి బంపునట్లు ఉత్తరువు కావలెను. కంచె, కాపలా, లెక్కపుస్తకము గల చిన్నపరిశోధనాక్షేత్ర మొకదానికి తెలుగురాష్ట్రములలో నేదైన నొక ప్రభుత్వవిశ్వవిద్యాలయమునకు లైసెన్సు దొరకవలెను. అందు మొదట మత్తులేని సి.బి.జి. వంగడమునకే పూనుకొనవలెను, పొట్టితోకద్రవ్యముల మొక్కలలో టి.హెచ్.సి.యు గలసియుండు నవకాశమున్నది గనుక వానిని మూసినగాజుతోటలకే పరిమితము చేయవలెను. అట్లు తీసిన వంగడము ప్రభుత్వపు సొత్తుగ నుండి, మూలవిత్తనము దొరికిన కొండపల్లెల పేరులు నమోదుపత్రములో నెక్కి, రాబడిలో వారికి భాగము చెందవలెను. కర్షకజాతులను గుర్తించు 2001 నాటి చట్టపు నీడ నీ మొక్కకును గలుగజేయవలెను. కొండలలో గంజాయి వేయించి, పట్టుబడినపుడు జైలుకు బంపించిన వర్తకులకు భిన్నముగ, ఈసారి గిరిజనునియొద్దకు విత్తనమునకై పోవువారు చట్టముతోడను, రసీదుతోడను పోవలెను.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యసంఘము గంజాయిని మిక్కిలి కఠినమైన పట్టికనుండి తొలగించుటకు 27 ఓట్లతో, 25 ఓట్లు ప్రతికూలముగ బడగా, తీర్మానించినది. భారతప్రభుత్వము అనుకూలముగ ఓటు వేసినది. అంతర్జాతీయసభలో వైద్యోపయోగమునకు జెయ్యెత్తిన ప్రభుత్వము మన్యములో గింజనమూనాకు జెయ్యి చాపుటకు సందేహించుట యుచితము కాదు. కొండలలో నీ పైరు పూతకు, కోతకు వచ్చునది శీతకాలమున. పోలీసుదళములు కదలునదియు నపుడే. ఉత్తరువు అంతకుముందే తాలూకాలకు జేరవలెను.